కియా కారు: పేరు వెనుక చరిత్ర

పోయిన దసరా సాయంత్రం మానుకోటలో మా ఇంటికి ఒక పాత విద్యార్థి జమ్మి ఆకు పట్టుకొని వచ్చాడు. జనగామ దగ్గర నేను పనిచేసిన రోజుల్లో నా వద్ద పదో తరగతి చదివినవాడు. తండ్రి స్థానంలో సింగరేణిలో నౌకరీ దొరికి ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాడు. చేతిలో బంగారం పెట్టి, కాళ్ళకు దండం పెట్టి, "సార్, ఒక్కపారి బయటికి రాండ్రి, బండి తెచ్చిన" అన్నాడు. గేటు ముందు తెల్లని సెల్టోస్ నిలబడి ఉంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, వాడిన బంతిపూల దండ.

"ఎట్లుంది సార్?"

"మంచిగుంది. ఏ కంపెనీ?"

"కియా సార్. కొరియా కంపెనీ. కాని మన దగ్గర్నే తయారైతది, అనంతపురం దిక్కు. ఇప్పుడు దీనికి మస్తు పేరున్నది సార్."

నాతోపాటు బయటికి వచ్చిన పక్కింటి పాప, తొమ్మిదో తరగతి చదువుతున్నది, "కియా అంటే అర్థమేంది సార్?" అని అడిగింది. మా వాడు నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. తెలుగు ఎం.ఏ. చదివి, ఏ మాటకైనా వ్యుత్పత్తి చెప్పగలనని కొంత గర్వపడేవాణ్ణి. మా వీధిలోకి వచ్చి ఆగిన రెండక్షరాల మాట ముందు తెల్లముఖం వేశాను. ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాట ఫలితమే ఈ వ్యాసం. మోటారు వాహనాల గురించి రాయడానికి ఒక సాహిత్య పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన సాహిత్యంలో కారు ఎక్కడ కనిపిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే జవాబు దొరుకుతుంది. కారులో కూర్చున్న ధనవంతుడు మన కథల్లో ఉన్నాడు. కారు దుమ్ము మీద పడ్డ పేదవాడు ఉన్నాడు. కారు కింద పడ్డవాడూ, డ్రైవరూ ఉన్నారు. కారును చేసినవాడు మాత్రం నేను చదివినంతలో తారసపడలేదు. కారు మన కథకులకు ఒక సంకేతం, అంతే. అది ఎక్కడో ఒకచోట, కొందరు మనుషులు షిఫ్టుల లెక్కన నిలబడి బిగించిన వస్తువు అన్న సంగతి మనకు పట్టలేదు.

ఇంతకీ పాప ప్రశ్నకు జవాబు. కియా రెండు చీనా అక్షరాల మాట. మొదటిదానికి లేవడం అని అర్థం; రెండోది ఆసియా ఖండానికి గుర్తు. కలిపితే ఆసియా నుంచి పైకి లేచినది అని చెప్పుకోవచ్చు. అయితే ఈ పేరు పెట్టుకున్ననాటికి ఆ కంపెనీ కార్లు చేయడం లేదు. సైకిళ్ళు చేస్తున్నది.

1944 డిసెంబరులో, కొరియా ఇంకా జపాను వలసగా ఉన్న రోజుల్లో, కిమ్ చొల్-హో అనే ఆయన సియోల్ నగరం అంచున ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. బతుకుదెరువుకు జపాను వెళ్ళి, అక్కడ ఇనుప పని నేర్చుకొని వచ్చినవాడు. ఉక్కు గొట్టాలూ, సైకిలు విడిభాగాలూ చేతితో చేసేవారు. 1950లో కొరియా యుద్ధం వచ్చింది. కార్ఖానాను దక్షిణాన పూసాన్ రేవుకు తరలించారు. ఆ యుద్ధం నడుస్తుండగానే, దేశం సగానికి చీలిపోతుండగానే, తొలి కొరియా సైకిలు తయారయింది. దానికి పెట్టిన పేరు 'సామ్‌చొల్లి', అంటే మూడు వేల లీలు. లీ అంటే అక్కడి దూరపు కొలత. ఆ కొస నుంచి ఈ కొస దాకా తమ దేశమంతటినీ కొరియన్లు ఆ మాటతోనే చెప్పుకుంటారు. దేశం రెండు ముక్కలవుతున్న వేళ సైకిలుకు అఖండ దేశం పేరు పెట్టిన ఆ మనిషి పెట్టుబడిదారుడే కావచ్చు, కాని ఆ పేరులో ఉన్న బాధ ఆయన ఒక్కడిది కాదు. 1952లో కంపెనీ కియా అయింది.

మా నాయనకు ఒక సైకిలు ఉండేది. పొలానికీ, జనగామ మార్కెట్టుకూ, సుస్తీ చేస్తే దవాఖానకూ అదే. కియా చరిత్ర చదువుతుంటే నాకు కారు కన్నా ముందు ఆ సైకిలే కళ్ళముందు నిలిచింది. దాన్ని ఎవరు చేశారో ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

తర్వాతి మెట్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1962లో జపాను మాజ్డా సంస్థ నమూనాతో మూడు చక్రాల చిన్న ట్రక్కు. 1973లో సియోల్ పక్కన సోహారి అనే చోట, విడిభాగాల నుంచి పూర్తి వాహనం దాకా ఒకేచోట తయారుచేసే కర్మాగారం. 1974లో తొలి కారు, పేరు బ్రీసా; ఇదీ మాజ్డా నమూనాయే. 1976లో ఏషియా మోటార్స్ అనే సంస్థను కియా తనలో కలుపుకుంది. ఆ సంస్థ కర్మాగారం నైరుతి దిక్కున గ్వాంగ్జు నగరంలో ఉంది. సైన్యానికి ట్రక్కులూ, కవచ వాహనాలూ అక్కడ తయారయ్యేవి.

ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

1979 డిసెంబరులో జనరల్ చున్ డూ-హ్వాన్ సైనిక కుట్రతో అధికారానికి దారి వేసుకున్నాడు. 1980 మే 17న దేశమంతటా సైనిక శాసనం విధించాడు. మర్నాడు గ్వాంగ్జులో విద్యార్థులు ఎదురు తిరిగారు. పారాట్రూపు సైనికులు విద్యార్థులనూ, దారిన పోయేవారినీ వీధుల్లో చావగొట్టారు. గాయపడ్డవారిని ఆసుపత్రికి తీసుకుపోయినందుకు టాక్సీ డ్రైవర్లనూ కొట్టారు. మే 20 సాయంత్రం సుమారు రెండు వందల టాక్సీలు, వాటికి తోడు బస్సులూ ట్రక్కులూ, లైట్లు వేసుకొని, హారన్లు మోగిస్తూ గుమ్నామ్ వీధి వెంట సైన్యానికి ఎదురు నడిచాయి. మరునాడు సైన్యం గుంపు మీద కాల్పులు జరిపింది. అదే రోజు పౌరులు ఏషియా మోటార్స్ కర్మాగారంలోకి పోయి, సైన్యం కోసం చేసి ఉంచిన వాహనాలను బయటికి తోలుకొచ్చారు. ఎవరిని అణచడానికి తయారయ్యాయో వారి చేతికే ఆ వాహనాలు వచ్చాయి. కొద్ది రోజులు గ్వాంగ్జు నగరం తన్ను తానే పాలించుకుంది. మే 27 తెల్లవారుజామున ట్యాంకులు తిరిగి వచ్చాయి. చనిపోయిన పౌరులు అధికారిక లెక్క ప్రకారమే నూట యాభై మందికి పైన.

2024లో నోబెల్ బహుమతి పొందిన హాన్ కాంగ్ పుట్టిన ఊరు గ్వాంగ్జు. ఆమె 2014లో రాసిన నవల ఒకటి ఆ మే నెల గురించే. 2017లో వచ్చిన 'ఎ టాక్సీ డ్రైవర్' సినిమాలో, సియోల్ నుంచి ఒక జర్మన్ విలేఖరిని గ్వాంగ్జుకు చేర్చే డ్రైవరు నడిపేది ఆకుపచ్చని బ్రీసా కారు. ఒక దేశం తన కార్లను కూడా తన చరిత్రలో భాగంగా గుర్తుంచుకుంటే ఇట్లా ఉంటుంది. మరొక సంగతి. ఆ ఏషియా మోటార్స్ ఆవరణే తర్వాత కియా వారి గ్వాంగ్జు కర్మాగారం అయింది. అక్కడ తయారయ్యే కార్లలో సెల్టోస్ ఒకటి. మా వాడి బానెట్ మీద బంతిపూలు చూసినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు.

నియంత కియాకు ఇంకో రకంగా కూడా తగిలాడు. 1981 ఫిబ్రవరిలో, మోటారు పరిశ్రమను క్రమబద్ధం చేస్తున్నామనే పేరుతో, ఎవరు ఏమి తయారుచేయాలో ప్రభుత్వమే పంచిపెట్టింది. కియా కార్లు చేయరాదు, చిన్న ట్రక్కులూ వ్యానులూ చేసుకోవాలి. ప్రభుత్వ ఆజ్ఞతో కార్ల తయారీ ఆగిపోయిన కంపెనీ నిలబడింది బాంగో అనే వ్యానుతో. కూరగాయల వర్తకులూ, చిన్న దుకాణదారులూ, పెద్ద కుటుంబాలవారూ దాన్ని కొన్నారు. మన దగ్గర కమాండర్ జీపు పల్లెలను ఎట్లా మోసిందో, అక్కడ బాంగో అట్లా మోసిందని అనుకుంటాను. అయితే మన జీపులో వెనుక వేలాడినంతమంది అక్కడ వేలాడి ఉండరు. 1987లో ఆ నిషేధం పోయింది. ఫోర్డ్, మాజ్డాలతో కలిసి చేసిన ప్రైడ్ కారు వచ్చింది. ఆ సంవత్సరమే జూన్‌లో నియంతృత్వం వెనక్కు తగ్గింది. జూలై, ఆగస్టుల్లో దేశమంతటా కార్మికులు కర్మాగారాలు ఆపి స్వతంత్ర సంఘాలు కట్టుకున్నారు. కొరియా కార్ల మంచి పేరు గురించి రాసే వ్యాపార రచయితలు ఈ వేసవిని సాధారణంగా దాటేస్తారు. తక్కువ కూలికి ఎక్కువ గంటలు అనే పాత పద్ధతి అక్కడ నుంచి సాగలేదు. మెరుగైన యంత్రాల మీదా, నాణ్యత మీదా దృష్టి పెట్టక తప్పని పరిస్థితి యజమానులకు వచ్చిందంటే, అందులో సంఘాల పాత్ర లేదని ఎట్లా అనగలం?

కియా పేరు ప్రతిష్ఠల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచిన ఘట్టం 1997 నాటిది. దాన్ని అర్థం చేసుకోవాలంటే కొరియా గుత్త పెట్టుబడి స్వరూపం కొంత తెలియాలి. అక్కడ చేబోల్ అనే కుటుంబ సామ్రాజ్యాలు ఉన్నాయి. హ్యుందాయ్, సామ్‌సంగ్ ఆ కోవవే. తాత, కొడుకు, మనవడు. ఓడలు, ఉక్కు, కార్లు, భీమా. కియా కూడా పెద్ద సంస్థే, కాని దానికి అట్లాంటి యజమాని కుటుంబం లేదు. వ్యవస్థాపకుడు 1973లో చనిపోయాడు. కొన్నేళ్ళకు ఆ కుటుంబం పగ్గాలు వదిలేసింది. మామూలు ఇంజనీరుగా చేరినవాళ్ళు పైకి వచ్చి సంస్థను నడిపారు. వాటాల్లో కొంత భాగం ఉద్యోగులదే. అందువల్ల కియాను 'యజమాని లేని కంపెనీ' అనీ, 'జాతి కంపెనీ' అనీ జనం అభిమానంగా చెప్పుకునేవారు. వస్తువు వల్ల కాక, సొంతదారుతనం తీరు వల్ల ఒక కార్ల కంపెనీకి మంచి పేరు రావడం అరుదైన సంగతి.

1997 జూలైలో కియా అప్పులు కట్టలేని స్థితికి వచ్చింది. కార్మికులు బోనసులు వదులుకున్నారు. కియాను కాపాడుకుందామని పౌరుల ఉద్యమం ఒకటి లేచింది. అక్టోబరులో ప్రభుత్వం సంస్థను న్యాయస్థానపు అజమాయిషీకి అప్పగించాలని నిర్ణయించినప్పుడు కార్మికులు సమ్మె చేశారు. దీని చివర సంస్థ ఏదో ఒక చేబోల్ నోట్లోకే పోతుందని వారి భయం. ఆ సంవత్సరాంతానికి దేశమే అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. 1998లో ఫోర్డ్, డేవూ, సామ్‌సంగ్‌లు కూడా పోటీపడిన వేలంలో కియా హ్యుందాయ్ వశమైంది. భయపడినట్టే అయింది.

ఇక్కడితో కథ ఆపితే మనకు అనుకూలంగా ఉంటుంది: మంచి కంపెనీని చెడ్డ గుత్త సంస్థ మింగింది. కాని అది సగమే నిజం. దివాలా తర్వాత లెక్కలు విప్పి చూస్తే, ఏళ్ళ తరబడి నష్టాలను దాచిపెట్టినట్టు తేలింది. ఆనాటి అధ్యక్షుడికి శిక్ష పడింది. యజమాని కుటుంబం లేకపోతే చాలు, యాజమాన్యం కార్మికులకు జవాబుదారీ అవుతుందని అనుకోవడానికి లేదని కియా చూపించింది. చేతిలో వాటా కాగితాలున్నా, లెక్కల పుస్తకం మీద అజమాయిషీ లేకపోతే కార్మికుడు మునిగే ఓడలో టికెట్టు కొన్నవాడే. మన సహకార సంఘాల బాగోగులు తెలిసినవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు.

ఈనాడు మా విద్యార్థి చెప్పిన 'మస్తు పేరు' ఈ హ్యుందాయ్ కాలంలో కట్టినది. దాన్ని ఎట్లా కట్టారో చూడండి. 1990లలో అమెరికాలో కియా అంటే చవక బండి, చప్పుడు బండి. ఆ చెడ్డపేరు పోగొట్టడానికి అక్కడ పదేళ్ళ హామీ, యూరపులో ఏడేళ్ళ హామీ ఇచ్చారు. 2006లో ఫోక్స్‌వాగన్ కంపెనీ నుంచి పీటర్ ష్రేయర్ అనే జర్మన్ రూపకర్తను తెచ్చుకున్నారు; ప్రతి కియా కారు మూతికీ పులి ముక్కు వంటి ఒకే పోలిక ఆయన పెట్టించిందే. కొత్త కార్లలో మొదటి మూడు నెలల్లో బయటపడే లోపాలను లెక్కించే ఒక అమెరికన్ సర్వేలో 2016లో కియా, ఖరీదైన కార్లన్నిటినీ దాటి, మొదటి స్థానంలో నిలిచింది. ఇది ప్రచారం వల్ల మాత్రమే వచ్చేది కాదు, పని వల్ల రావాలి. అట్లాగని మచ్చలు లేవా? మైలేజీ ఎక్కువ చేసి చెప్పినందుకు 2014లో హ్యుందాయ్, కియాలు అమెరికా ప్రభుత్వానికి పది కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి. అక్కడ అమ్మిన అనేక కార్లలో దొంగతనాన్ని అడ్డుకునే చిన్న పరికరం పెట్టకుండా మిగుల్చుకున్నారు. కుర్రాళ్ళు వాటిని సులువుగా ఎత్తుకుపోవడం 2021, 22ల్లో పెద్ద గొడవయింది. హామీ ఇచ్చినదీ, పరికరం మిగిల్చినదీ ఒకే కంపెనీ. ఎక్కడ ఖర్చు పెడితే పేరు వస్తుందో, ఎక్కడ మిగిలిస్తే కనబడదో లెక్క వేయడం పెట్టుబడి స్వభావం.

ఇక పెనుకొండ. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన కొండ. తర్వాతి శతాబ్దాల్లో ఆ సీమకు మిగిలింది కరువు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి కథకుల పుణ్యాన అనంతపురం రైతు అప్పులూ, వేరుశనగ చేల ఎండలూ వరంగల్లు వాడినైన నాకు కూడా సొంత ఊరి సంగతుల్లా తెలుసు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కియా ఒప్పందం చేసుకుంది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. నేల చదును చేసి ఇచ్చింది ప్రభుత్వం. హంద్రీ-నీవా కాలువల వెంట వచ్చిన కృష్ణా నీరు గొల్లపల్లి జలాశయం చేరింది, అక్కడి నుంచి కర్మాగారానికి. దశాబ్దాల పాటు రైతులు అడిగిన నీళ్ళవి. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్టుకు వచ్చింది. 2023 జూలైకి పది లక్షల కార్లు పూర్తయ్యాయి. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోతుందని ఒక వార్తా సంస్థ రాయగా, కంపెనీ, ప్రభుత్వం రెండూ కాదన్నాయి. ఆ కాస్త వార్తకే రాష్ట్రమంతా ఎంత ఉలిక్కిపడిందో చూస్తే, ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారో తెలిసిపోతుంది.

ఆ కర్మాగారాన్ని చూసి ముక్కు విరిచేవాళ్ళతో నేను ఏకీభవించను. బెంగుళూరుకు వలస పోవలసిన పిల్లలు సొంత జిల్లాలో బస్సెక్కి షిఫ్టుకు పోవడం చిన్న మార్పు కాదు. మా వైపు చూడండి. మా మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. భూపాలపల్లిలో బొగ్గు ఉంది. ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. జిల్లా మారింది, కర్మాగారం రాలేదు. హ్యుందాయ్‌కు సొంత ఉక్కు కంపెనీ ఉంది, దాని శాఖ కూడా కార్ల వెంటే అనంతపురం వచ్చింది. గనులున్న ఊరికి ఉక్కు రాలేదు, గనులు లేని ఊరికి కార్లు వచ్చాయి. పరిశ్రమ ఖనిజాన్ని వెతుక్కుంటూ వస్తుందని పాత భూగోళం పుస్తకంలో పిల్లలకు చెప్పేవాళ్ళం. నిజానికి అది రేవునూ, రోడ్డునూ, రాయితీనీ వెతుక్కుంటూ పోతుంది.

కాని వచ్చిన పరిశ్రమలో మనిషి స్థానం ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి సమాధానం కొంత కియా సొంత దేశంలోనే దొరుకుతుంది. పెనుకొండ ఒప్పందం జరిగిన ఆ 2017లోనే, ఆగస్టు నెలాఖరున, సియోల్ న్యాయస్థానం ఒకటి ఇరవై ఏడు వేల మంది కియా కార్మికులకు లెక్క తప్పించిన వేతన బకాయిలు చెల్లించమని తీర్పు ఇచ్చింది. అంతకుముందు, 2015 జూన్‌లో, ఇద్దరు కియా కాంట్రాక్టు కార్మికులు సియోల్ నడిబొడ్డున ఒక పెద్ద భవనం పైనున్న ప్రకటనల బోర్డు ఎక్కారు. పర్మనెంటు కార్మికులు చేసే పనే చేస్తున్న తమను కంపెనీ ఉద్యోగులుగా గుర్తించాలని వారి కోరిక. ఎండలోనూ, మంచులోనూ 363 రోజులు అక్కడే ఉన్నారు. పైన మనుషులు, కింద మెరిసే ప్రకటనలు. 2022 అక్టోబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు, అదే రకమైన ఉపకాంట్రాక్టు కార్మికులు దాఖలు చేసిన దావాల్లో, వారిని హ్యుందాయ్, కియాలు తమ ఉద్యోగులుగానే చూడాలని తేల్చింది.

ఈ తీర్పు పెనుకొండలో చెల్లదు. స్థానికులకు నూటికి డెబ్భై అయిదు ఉద్యోగాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది గాని, అది ఎవరికి ఉద్యోగమో చెప్పింది. ఏ రకం ఉద్యోగమో చెప్పలేదు. సింగరేణి బొగ్గు మీద అల్లం రాజయ్య, పి. చంద్ వంటివారు రాశారు కాబట్టి గనిలో దిగిన మనిషి ఏం మాట్లాడతాడో, ఏం చూసి భయపడతాడో నాకు తెలుసు. కారు బిగించే పట్టె ముందు నిలబడిన ధర్మవరం పిల్లవాడు నిమిషానికి ఎన్నిసార్లు చేయి చాపుతాడో, రాత్రి షిఫ్టు దిగి గదిలో ఎవరితో ఏం మాట్లాడతాడో నాకు తెలియదు. అనంతపురం మిత్రులు ఎవరైనా రాసి ఉంటే ఆ కథ నాకు పంపవలసిందిగా ఈ పత్రిక ద్వారానే అడుగుతున్నాను.

ఇదంతా కూడగట్టుకున్నాక, ఒక ఆదివారం భూపాలపల్లికి ఫోను చేసి మా వాడికి గ్వాంగ్జు సంగతి చెప్పాను. టాక్సీలు లైట్లు వేసుకొని వరసగా పోయిన సాయంత్రం గురించి చెప్తున్నప్పుడు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"సార్, గా కార్ఖానల పనిచేసేటోళ్ళకు సమ్మెలు ఉన్నయా ఇప్పుడు?" అని అడిగాడు.

కొరియాలో ఉన్నాయని చెప్పాను.

"మనకాడ?"

పక్కింటి పాపకు మాత్రం కాగితం మీద ఆ రెండు చీనా అక్షరాలు రాసి చూపించాను. ఆమె వాటిని నాకంటే బాగా దింపింది.